మూడు వందల రెండు యూనిట్లు

“మార్చి దాకా నెలకు మూడు వందల నలభై యూనిట్లు. ఏప్రిల్‌ల ముప్పై ఎనిమిది. ఎట్ల తగ్గించిన్రు అంకుల్?”

ప్రసన్న ఈ ప్రశ్న అడగడం మూడోసారి. సిద్దిరాములు మూడోసారీ చాయ్ గ్లాసులోకే చూశాడు.

“తగ్గింది బిడ్డా. అంతే.”

అంతే అంటే ఆమెకు కుదరదు. ఎల్బీ నగర్ వెనక కాలనీలో, ఈ రెండు గదుల ఇంట్లో గంట నుంచి కూర్చుంది. టైం రెండు దాటింది. నాలుగింటికల్లా దిల్‌సుఖ్‌నగర్ ఆఫీసులో ముఖచిత్ర కథనం అందకపోతే ‘పచ్చదారి’ ఈ నెలా రాదు. ఇప్పటికే రెండు నెలలు రాలేదు. మూడోసారీ తప్పితే మూసేస్తానని యజమాని చెప్పేశాడు. ప్రయాణమైనా, వ్యాపారమైనా, కరెంటైనా భూమికి భారం కాకుండా ఎలా నడుపుకోవాలో లోకానికి నేర్పే పత్రిక అది. తాను బతికి బట్టకట్టడం ఎలాగో మాత్రం దానికి తెలియలేదు. నలభై దాటిన ప్రసన్నకు ఇంకో పత్రిక తలుపు తీస్తుందన్న ఆశ లేదు.

మిగతా పేజీలన్నీ నిండాయి. మిగిలింది కరెంటు పొదుపు పోటీ ఒక్కటే. గెలిచిన ఇంటికి సోలార్ పలక, బ్యాటరీ బహుమతి. కాలనీలో ఇంటింటి బిల్లులూ పోగుచేసి పంపింది సంఘం కార్యదర్శి విశ్వేశ్వరరావు. ఆయన ఉండేది మూడు వీధుల అవతల, ఈ గడప ఎన్నడూ తొక్కలేదు. “మనిషెవరో నాకు తెలియదండీ, అంకె మాత్రం అద్భుతం” అని ఫోన్లో పొంగిపోయాడు.

అద్భుతమే. కానీ ఎలా జరిగిందో చెప్పందే కథనం ఎక్కడిది? ఫ్రిజ్ అమ్మేశారా అని అడిగింది. అసలు కొననే లేదన్నాడు. ఏసీ? నవ్వి ఊరుకున్నాడు. ఉన్నవల్లా రెండు బల్బులు, ఒక ముసలి ఫ్యాను. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో బస్తాలు మోసి, మార్కెట్ తరలిపోయాక ఇంటిపట్టున ఉన్న మనిషి. ఆ ఇంట్లో మూడు వందల నలభై యూనిట్లు ఎలా కాలాయో ఆమెకు అంతుబట్టలేదు.

బిల్లు పూలమ్మ పేరు మీద ఉంది. ఇల్లాలైతే గుట్టు విప్పుతుందేమోనని ప్రసన్నకు ఆశ కలిగింది.

“ఆంటీతో రెండు ముచ్చట్లు మాట్లాడొచ్చా?”

“లేదు బిడ్డా. చాయ్ గుడ నేనే పెట్టిన.”

“ఫొటో ఒకటన్న ఇయ్యున్రి. పుస్తకంల ఏస్తం.”

“దిల్‌సుఖ్‌నగర్ల ఇచ్చిన, పెద్దగ చెయ్యనీకి. నాలుగింటికి తెచ్చుకోవాలె.”

సరిగ్గా ఆమెకు కావలసిన వేళకే. ప్రసన్న ప్రాణం లేచొచ్చింది. ఆ ఊపులో బహుమతి గురించి ఊరించింది. కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు ఆయనకు లేని సంబరమంతా తానే పడింది. చివరికి ఆయన ఒకే ఒక్క సంగతి అడిగాడు.

“కరెంటు పోతే గా బ్యాటరీ ఎంతసేపు నడిపిస్తది?”

“నాలుగు గంటలు.”

“నాలుగు గంటలా?” సిద్దిరాములు గ్లాసు కింద పెట్టాడు. “రెండు గంటలైనా సాలుతుండె.”

ఇంతలో ఎడిటర్ ఉదయలక్ష్మి ఫోన్ చేసింది. ప్రసన్న వాకిట్లోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. ఎడిటర్ గొంతు తగ్గించి, ఊరికే తగ్గడానికి అదేమన్నా జ్వరమా, మీటరుకు అవతల నుంచి దొంగ కరెంటు లాగుతున్నాడేమో చూడమంది. దొంగను ముఖచిత్రం మీద వేస్తే పత్రికను తామే పాతిపెట్టినట్టవుతుందంది.

ప్రసన్న తలెత్తి చూసింది. పక్కింటి గోడ మీది నుంచి బొటనవేలంత లావు నల్లవైరు కిటికీలోంచి లోపలికి వెళ్తోంది. వైరు వెంటే లోపలికి నడిచింది. అది మంచం తలాపున విడిగా బిగించిన పెద్ద ప్లగ్గు దగ్గర ఆగింది. దాని కింద గచ్చు మీద, ఏదో బరువైన వస్తువు చాన్నాళ్లు నిలబెట్టినట్టు నాలుగు చక్రాల మరకలు. వస్తువు మాత్రం లేదు. దాచేశారన్నమాట.

“ఈ వైరేంది అంకుల్?”

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన తడబడ్డాడు. కరెంటు పోయినప్పుడు పక్కింటివాళ్లు తమ ఇన్వర్టర్ నుంచి ఇచ్చారన్నాడు. ఆ రోజు వాళ్ల ఇన్వర్టర్ కూడా ఆగిపోయిందని ఏదో చెప్పబోయి మింగేశాడు.

“రెండు బల్బులకు గింత లావు వైరా?”

ఆయన ఖాళీ గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. ప్రసన్నకు ఏడుపు, కోపం ఒక్కసారే తన్నుకొచ్చాయి. ఎనిమిదేళ్ల నౌకరి ఒక ముసలాయన మౌనం దగ్గర ఆగిపోయింది.

“రెండు గంటల్ల మా ఆఫీసుకు తాళం పడ్తది అంకుల్. ఐదుగురం రోడ్డున పడ్తం. మీరు దొంగ కరెంటు వాడుతున్నరని రాసుకొని పోవాల్నా? నిజం చెప్పున్రి. రాత్రింబగళ్లు గా ప్లగ్గుకు పెట్టిందేంది? ఎక్కడ దాచిన్రు?”

సిద్దిరాములు ముఖంలోకి కోపం రాలేదు. ఆమె కళ్లలో నీళ్లు చూసి జాలిపడ్డట్టే ఉన్నాడు. లేచి మంచం దగ్గరికి వచ్చి, ప్లగ్గు మీద పేరుకున్న దుమ్మును చేత్తో తుడిచాడు.

“దాచలే. దవాఖానల ఇచ్చేసొచ్చిన. నీ నౌకరి పోవద్దు, రాసుకో.”

ప్రసన్న పెన్ను తీసింది.

“మా పూలమ్మ ఆక్సిజన్ మిషన్, బిడ్డా.”