కొరికే నీళ్లు

1996 మే, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్ స్విమ్మింగ్‌పూల్ పంపు మళ్లీ ఆగింది.

ఎలక్ట్రీషియన్ వెంకటేశం పంపు గదిలోంచి బయటికి వచ్చాడు. గోడ చుట్టూ తిరిగి, కొలను వైపు వరండాలో ఉన్న బోర్డు దగ్గరికి నడిచాడు.

కరెంటు ఎక్కువైతే తనంత తాను పడిపోయే బ్రేకర్ మీట కిందికి ఉంది. పొద్దుటి నుంచి ఇదే వరస. అది నిన్న తనే బిగించిన కొత్త పంపు.

మీట పైకి ఎత్తాడు. గోడ అవతల పంపు మోగింది.

కొలను మెట్ల మీద, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఒక ముసలామె పీచుతో పాచి రుద్దుతోంది. పొద్దున కూలికి వచ్చిన మనిషి.

"కొడుకా, జెర పంపు బంద్ పెట్టరాదా. నీళ్లు కొరుకుతున్నయ్."

"కొరకక ఏం జేస్తయే అవ్వా? అండ్ల బ్లీచింగ్ పౌడర్ పోసిండ్రు."

ఆ చుట్టుపక్కల ఆ మాట ఎవరికీ కొత్త కాదు. వెంకటేశం కిరాయి ఇంట్లో బోరు నీళ్లతో మొహం కడుక్కుంటే కళ్లు మండేవి. వాగులో దిగిన బర్రెలకు కాళ్లు పుండ్లయ్యేవి. నీళ్లు కొరుకుతున్నాయంటే అందులో ఫ్యాక్టరీల మందు ఎక్కువైందని అర్థం.

"గా కొరుకుడు గాదు బిడ్డా..." అని ఆమె ఇంకేదో చెప్పబోయింది.

మేనేజర్ కామేశ్వరరావు వరండాలోకి వచ్చాడు.

"ఏమయ్యా వెంకటేశం, నాలుగింటికి చైర్మన్‌గారు మనవలతో వస్తున్నారు. నీ పర్మినెంట్ సంగతి ఆయనతో ఇవాళే కదుపుదామనుకున్నాను. పంపే నడపలేని వాడికి ఉద్యోగం ఏమని అడగను?"

"నడుస్తది సార్."

"పొద్దుటి నుంచీ అదే చెబుతున్నావు," అంటూ కామేశ్వరరావు లోపలికి వెళ్లాడు.

వెంకటేశం పంపు గదిలోకి వెళ్లి మీటర్ పెట్టి చూశాడు. మోటారు తీసుకోవలసినంత కరెంటే తీసుకుంటోంది. వైర్ల జాయింట్లు చూశాడు. ఎక్కడా వేడి లేదు. బీడీ ముట్టించి, రెండు దమ్ములు లాగి పారేశాడు.

పంపు ఆగింది.

బోర్డు దగ్గరికి పరుగెత్తాడు. మీట కిందికి ఉంది. తప్పు బ్రేకర్‌దే అనుకున్నాడు. దాన్ని ఊడదీసి సంచిలో పడేసి, కొత్తది బిగించాడు. మీట ఎత్తి పంపు గదికి వెళ్లాడు. చెమట తుడుచుకునేలోగా పంపు మళ్లీ ఆగింది.

తిరిగి వచ్చేసరికి ముసలామె నీళ్లలో లేదు. గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది.

"ఇప్పుడు కొరుకుతలేవు," అంది.

వెంకటేశం మళ్లీ మీట ఎత్తాడు.

"ఆవిడ కూర్చుందేం? పాచి అలాగే ఉంది," అన్నాడు అప్పుడే మళ్లీ బయటికి వచ్చిన కామేశ్వరరావు.

"నీళ్లల్ల దిగనంటంది సార్," అన్నాడు గేటు దగ్గర్నుంచి వచ్చిన వాచ్‌మన్ ఐలన్న.

"అయితే పంపించెయ్."

"లే అవ్వా, లే. పెద్దోళ్లు వచ్చే యాళ్లయింది."

ఆమె లేచి వెంకటేశం దగ్గర ఆగింది.

"పిల్లల్ని దిగనియ్యకు కొడుకా."

"నువ్వు పోవే అవ్వా. పొద్దుగాలకెల్లి నా పానం తింటున్నవ్."

ఆమె చెప్పులు చేత పట్టుకుని గేటు వైపు నడిచింది.

ఆ తర్వాత పంపు ఆగలేదు.

ఐలన్న నవ్వాడు. "సూసినవా, ముసల్ది పోంగనే నీ పంపుకు పట్టిన దయ్యం ఇడిసింది."

కామేశ్వరరావు వెంకటేశం భుజం తట్టి లోపలికి వెళ్లాడు.

వెంకటేశం నవ్వలేదు. పంపు గదికి, బోర్డుకు మధ్య తిరుగుతూనే ఉన్నాడు. తాను ఏమీ చేయలేదు. ఏమీ చేయకుండా బాగైన ఫాల్టును అతను ఇంతవరకు చూడలేదు.

నాలుగింటికి కారు వచ్చింది. ఒక పాప నడుముకు ట్యూబు తొడుక్కుని మెట్ల వైపు పరుగెత్తింది.

"ఆగు పాపా."

చేయి అడ్డం పెట్టాడు. బూటు విప్పి, పై మెట్టు మీద నీళ్లలో కాలు పెట్టాడు.

పిక్క దాకా లాగింది. మందు అలా లాగదు. అది కరెంటు.

బోర్డు దగ్గరికి పరుగెత్తి మీట దించాడు.

పంపు గదిలో చూస్తే తప్పు కనబడింది. మోటారు ఒంటికి వచ్చిన కరెంటు భూమిలోకి పోవడానికి ఎర్త్ తీగ ఉంటుంది. దాన్ని నిన్న, పొలం మోటార్లకు చేసినట్టే, నీళ్ల పైపుకు చుట్టాడు. పొలంలో ఇనప పైపు ఉంటుంది. ఇక్కడిది ప్లాస్టిక్. కరెంటు పోయే దారి లేక నీళ్లలోకి వచ్చింది. అంత తక్కువ కరెంటుకు బ్రేకర్ పడదు.

కామేశ్వరరావుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన పిల్లల్ని లోపలికి తీసుకువెళ్లాడు.

వెంకటేశం ఒక కాలికే బూటుతో గేటు దగ్గరికి వెళ్లాడు.

"ఐలన్నా, గా అవ్వ ఏది?"

"ఎప్పుడో ఆటో ఎక్కి పాయె."

"ఏ ఊరు?"

"ఎవలకెరుక? రోజొచ్చే బక్కమ్మకు పానం బాగలేదని ఆమె జాగల వచ్చింది."

"పేరన్న ఎరుకనా?"

"అడగలే."

రోడ్డు మీద ముత్తంగి ఊరి వైపు ఆటోలు పోతున్నాయి. అటు నుంచి వస్తున్నాయి. కాసేపు చూసి వెనక్కి వచ్చాడు.

బోర్డు ముందు నిలబడ్డాడు. బ్రేకర్ తనంత తాను పడినా, ఎవరైనా చేత్తో దించినా మీట కిందికే ఉంటుంది. పొద్దుటి నుంచి తాను చూసింది అంతే.

సంచిలోంచి పాత బ్రేకర్ తీశాడు.

మీట మీద పాచి ఎండి ఉంది: బొటనవేలి ముద్ర, పై నుంచి కిందికి.