రెప్ప వెయ్యకు

దగ్గరికి జరగండమ్మా, ఇది రెప్ప వెయ్యకుండా వినాల్సిన కథ.

"రెప్పేస్తివి! మళ్ళా రెప్పేస్తివి!" నాగమ్మాళ్ తమ్ముణ్ణి కసిరింది. ఆమె విసిరిన బంతి కుమారసామి చేతుల్లోంచి జారి, కోవిల్‌పట్టిలో ఆమె అత్తింటి పెరట్లో పత్తిమోపుల కిందికి దొర్లింది.

విరుదుపట్టిని విరుదునగరం అనడం మొదలైన కొత్త. అక్కడ ఒక అమెరికా దొర తన బడి పిలకాయలకు బేస్‌బాల్ నేర్పుతున్నాడు. కర్ర పట్టినవాడి వెనక గొంతుకూర్చుని బంతి పట్టడం కుమారసామి వంతు. శనివారం ఆటలో ఒక్కటి జారవిడిచినా జట్టులోంచి తీసేస్తానన్నాడు దొర. సెలవలకొచ్చిన తమ్ముడి దిగులు చూసి అక్క కొంగు బిగించింది.

"విసిరేవాడి చెయ్యి చూడొద్దురా, బుజం చూడు. బుజమే ముందు చెప్తాది. బొటనేలు మడుచుకో, లేకుంటే ఇరుగుతాది. మీదికొచ్చేదాన్ని గుడ్డు మాదిరి లోపలికి తీసుకో. నేలన పడి లేస్తే రొమ్ము అడ్డం పెట్టు. నీ ఎనక పసిబిడ్డ ఉందనుకో, తగలనిస్తావా?"

"పుట్టింట్లో చేతికిచ్చిన గిన్నె జారవిడిచేదానివి. ఇదంతా ఎప్పుడు నేరిస్తివక్కా?"

"పెండ్లయినంక. మీ బావనడుగు."

నీళ్ళు తాగబోతూ వాడు చెంబు తిప్పి చూశాడు. "పెండ్లికి మనమిచ్చిన చెంబులన్నీ సొట్టలేందే?"

"మొదట్లో పట్టు కుదరలేదులే."

వాకిట్లోంచి ఆమె మొగుడు అయ్యాసామి అరిచాడు. "ఆడది బంతాడేదేంది? మైదానానికి వస్తివంటే సూడు!"

"వస్తా," అంది నాగమ్మాళ్.

శనివారం కూతుర్ని చంకనేసుకుని రైలెక్కింది. గొణుగుతూ అయ్యాసామీ ఎక్కాడు.

ఆట చివర్లో ఎదుటి జట్టు వేలాయుదం కుమారసామి కాసే ఆఖరి గడికేసి ఎద్దులా దూసుకొచ్చాడు. ఆ గడి తొక్కితే గెలుపు వాళ్ళదే, తొక్కేలోపు బంతి జారకుండా వాడికి తాకిస్తే ఔటు. అవతల నుంచి వచ్చిన బంతిని కుమారసామి గుడ్డులా అందుకున్నాడు. మరుక్షణం వేలాయుదం వచ్చి గుద్దాడు. ఇద్దరూ దొర్లారు. దుమ్ము అణిగేసరికి బంతి కుమారసామి చేతిలోనే ఉంది.

కుమారసామి జట్టు గెలిచింది. "ఈ పట్టు నేను నేర్పలేదే!" అన్నాడు దొర. కుమారసామి అక్కను చెయ్యి పట్టి తీసుకొచ్చాడు.

"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని దొర వచ్చీరాని అరవంలో అడిగాడు.

అయ్యాసామి మీసం దువ్వుతూ ముందుకొచ్చాడు. "మా ఇంట్లోనే దొరా! అంతా నా చలవే."

నాగమ్మాళ్ తల దించలేదు. మైదానమంతా వినేలా ఒక్క మాట చెప్పింది. ఆ మాట మరిచిపోకండే. మీ కూతుళ్ళకు చెప్పండి, వాళ్ళ కూతుళ్ళకూ చెప్పమనండి.

"ఈయన నా మీదికి ఇసిరిన చెంబులు పట్టి నేరిస్తిని."