శవం వేషం

"చచ్చిన మనిషి అలా పడుకోదమ్మా," డైరెక్టరు నిచ్చెన మీంచి విసుక్కున్నాడు.

దుగరాజపట్నం ఒడ్డున డిటెక్టివ్ సినిమా షూటింగు. అలలకు కొట్టుకొచ్చిన ఆడమనిషి శవాన్ని పైనుంచి తీయాలి. తెల్లటి ఇసక, నల్లచీర, దాని మీదుగా సాగే డిటెక్టివు పొడుగాటి నీడ. ఆ ఒక్క బొమ్మకే హాల్లో జనం ఊపిరి బిగబట్టాలని డైరెక్టరు పంతం. మద్రాసు నుంచి తెచ్చిన అమ్మాయి నీళ్లకు జడిసి తప్పుకుంటే, చూడవచ్చిన జనంలోంచి పెంచలమ్మ ముందుకొచ్చింది.

"బతికుండి శవం వేషమేందే?" అన్నాడు ఆదెయ్య. ఆమె అక్క మొగుడు. కంపెనీకి పడవలు కుదిర్చింది అతనే.

"నాకేం కాదులే బావా."

ఒకసారి నిద్రపోతున్నట్టు పడుకుంది. ఇంకోసారి చేతులు గుండెల మీద పెట్టుకుంది. ఉప్పునీళ్లు ముక్కులోకి పోయి దగ్గింది. మళ్లీ పడుకుంది.

"లేచిరా అమ్మా, ఇంకెవరినైనా చూస్తాం."

"ఇంకొక్క తూరి సార్. ఎట్లా పడుకోవాల్నో ఎవరన్నా చెప్తే చేస్తా."

జనాన్ని వెనక్కి నెడుతున్న హెడ్ కానిస్టేబుల్ జయరామయ్య ఆమె వంక చూశాడు.

ఎండ పైకొస్తోంది. డిటెక్టివు నీడ కురచవుతోంది. పెంచలమ్మ మళ్లీ తప్పుగానే పడుకుంది. పడవలు వేటకు పోవాలి. ఆదెయ్య ఓపిక నశించి నీళ్లలోకి దిగాడు.

"ఎల్లకిలా కాదే. బోర్లా తిరుగు. కుడిచెయ్యి పొట్ట కిందికి పెట్టు. జడ మెడకు చుట్టుకో. ఆ, కొస ఎడమ భుజం మీదికి రావాల."

డైరెక్టరు ముఖం వెలిగిపోయింది. "అదీ. ఇక కదలొద్దు."

కెమెరా తిరిగింది. అల వచ్చి ఆమె తల మీంచి పోయింది. పెంచలమ్మ కదల్లేదు. నీడ మెల్లగా వచ్చి ఆమె మెడ దగ్గర ఆగింది.

"షాట్ ఓకే."

అందరూ చప్పట్లు కొట్టారు. పెంచలమ్మ మాత్రం లేవలేదు. ఇసకలో ముఖం పెట్టుకుని ఏడుస్తోంది.

జయరామయ్య వచ్చి ఆదెయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"పోయినేడు నీ పెండ్లాం ఈడ ఇట్లనే పడుంటే చూసింది నేనూ పెంచలమ్మే. మెడ చుట్టూ ఉండిన జడ తీసినాకనే జనాన్ని రానిచ్చినాం. ఆ పొద్దు గూడూరులో ఉన్నానన్నావే ఆదెయ్యా, నీకెట్లా తెలిసింది?"