మొదటి ముద్ద

గానుగ దొడ్డి గోడమీద ఎవరు అన్నం పెట్టినా ముందు కాకిరాజుగారే తినాలి. "మొదటి ముద్ద రాజుకని దేవుడే రాశాడు" అని గోరింక పంతులు రోజూ మంత్రం చదివి, రెండో ముద్ద తను మింగేవాడు. మిగతా కాకులు ఉత్త గోడ పొడుచుకునేవి.

ముసలి కాకి సూరాలమ్మ దేవుడికి దండం పెట్టుకుని ఊరుకునేది. కానీ వాళ్లమ్మమ్మ చెప్పిన సంగతి ఆమె మరచిపోలేదు. అన్నంలో విషం ఉందేమో ముందు తను తిని చూస్తానన్న కాకినే పూర్వం రాజుని చేశారట.

ఒకరోజు గోడమీద పెద్ద పెరుగన్నం ముద్ద కనిపించింది. దగ్గరికెళితే ఎలకలమందు వాసన గుప్పుమంది. రాజు చప్పున వెనక్కి తగ్గాడు.

"ఈవేళ మీరే ముందు తినండర్రా. మాకు ప్రజలే దేవుళ్లు!"

"అవునవును, అదీ శాస్త్రంలో ఉంది" అన్నాడు పంతులు.

ఆకలిమీదున్న సూరాలమ్మ మనవరాలు ముద్దమీదికి ఎగరబోయింది. ముసలిది రెక్క అడ్డంపెట్టి, రాజుతో మెత్తగా అంది.

"అపచారం నాయనా! దేవుడి రాత మేం తప్పిస్తామా? తమరు కానివ్వండి. రెండో ముద్ద పంతులుగారిది."

కాకులన్నీ చుట్టూ చేరి భక్తిగా కళ్లు మూసుకున్నాయి. తెరిచేసరికి రాజూ లేడు, పంతులూ లేడు. ప్రసాదం మాత్రం మెతుకు చెదరకుండా ఉంది.