లోపలి గొంతు

"లోపలికెల్లి ఒకటే తిట్లు సారూ. పానం తీస్తున్నడు."

కుర్చీలో కూర్చోకముందే మొదలుపెట్టాడు దేవేందర్. ఇబ్రహీంపట్నంలో ప్లాట్ల వ్యాపారం అతనిది. మెడలో లావుపాటి గొలుసు, దాని కింద చెమట.

డాక్టర్ రమాకాంత్‌కు ప్రాణం లేచొచ్చింది. మనసు వైద్యానికని ఇక్కడ క్లినిక్ తెరిస్తే, ఇన్నాళ్లూ నిద్రమాత్రల కోసం తప్ప ఎవరూ రాలేదు.

"ఎవరి గొంతు?"

"మా బాపుది."

"ఏమంటాడు?"

"కుంట పూడ్చి ప్లాట్లు చేసిన. రేపే రిజిస్ట్రేషన్. కాయితాలు ముందలేసుకొని పెన్ను పడితే చాలు, 'సిగ్గు లేదార? నీళ్లుండే జాగల మందిని ఉంచుతవా?' అంటడు. సంతకం పెట్టనిస్తలేడు."

డాక్టర్ కళ్లు మెరిశాయి. పుస్తకాల్లో చదివిందంతా ఎదురుగా వచ్చి కూర్చుంది.

"చిన్నప్పుడు తండ్రి తిట్టిన తిట్లే పెద్దయ్యాక మనలో కాపురం పెడతాయి. మనస్సాక్షి అంటే అదే. లోపలున్నది నిజంగా మీ నాన్న కాదు."

దేవేందర్ ఉలిక్కిపడ్డాడు. "మెల్లగ సారూ! పైన సర్గంలున్న మా అమ్మ ఇన్నదంటే కిందికి దిగొస్తది."

"నవ్వులాట కాదు. ఆయన మీకు కాపలా. కాపలా మితిమీరితే ఇంటాయనే దొంగలా బతకాలి."

"అవ్ సారూ, అచ్చం గట్లనే బతుకుతున్న! మరెట్ల?"

"బయటికి పంపెయ్యండి."

"పంపొచ్చా? పాపం తగలదా?"

"పాపమన్న మాట కూడా ఆయన నేర్పిందే కదా!"

దేవేందర్ డాక్టర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. "నా పెండ్లాం స్వప్న గూడ గిదే మాట అంటది. ఆడమనిషి మాటని కొట్టిపారేసిన. చదువుకున్నోళ్లు చెప్తే ధైర్నం వచ్చింది."

తలుపు దాకా పోయి మళ్లీ ఆగాడు.

"పంపితే ఏడికి పోతడు సారూ?"

డాక్టర్ హాయిగా నవ్వాడు. "నాకు అప్పజెప్పండి. నేను చూసుకుంటాను."

మర్నాడు పొద్దున్నే క్లినిక్ ముందు ఆగిన ట్రాలీ ఆటోలోంచి ఇనుప పెట్టె, నవారు మంచం, వాటి వెనకే చేతికర్రతో ముసలి మల్లేశయ్య దిగి, "మావోడు ఇంక నీ కాడనే ఉండుమన్నడు బిడ్డా, మంచం ఏ అర్రల ఏసుకోవాలె?" అన్నాడు.