గుమ్మటం వైపు గది

"ఈ గదిలోంచి గుమ్మటం కనిపిస్తుందా?" అని అడిగాడు ఇల్లు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి.

వెల్డరుకు ఒళ్లు మండింది. అణు విద్యుత్ ప్లాంటు గోడను ఆనుకున్న వీధి ఇది. కిటికీ తెరిస్తే ప్లాంటు గుమ్మటం కాక గులాబీ తోట కనిపిస్తుందా?

"కనిపిస్తుంది సార్. కావాలంటే ఆ కిటికీకి రేకు కొట్టించి ఇస్తాను."

"వద్దు వద్దు. మా పాప ఈ గదిలోనే పడుకుంటుంది."

వెల్డరు భార్య తలుపు చాటు నుంచి మొగుడి వంక చూసింది. ఆమె నిండు మనిషి. ఈ వీధిలో బిడ్డను కనేది లేదని తెగేసి చెప్పింది. ఇల్లు అమ్ముడుపోతే అన్నగారి ఊరికి వెళ్లిపోవాలని ఆమె ఆశ.

కానీ అమ్మకూడదని వీధి మాట.

వెళితే అందరం వెళ్లాలి, ప్లాంటువాళ్లు అందరికీ వేరేచోట ఇళ్లు కట్టించాలి, అంతవరకు ఒక్క గడప కూడా చేతులు మారకూడదు. మొన్న ఆ మాట తప్పబోయిన దర్జీ ఇంటి తలుపులు నడివీధిలో ముక్కలై పడ్డాయి. వాటిని బద్దలు కొట్టినవాళ్లలో వెల్డరూ ఉన్నాడు.

అందుకే ఈ బేరం పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు సాగుతోంది.

"మీకు భయం లేదా అన్నయ్యగారూ?" ఉండబట్టలేక అడిగింది వెల్డరు భార్య.

"ఎందుకు లేదమ్మా? ఆడపిల్ల తండ్రిని," నవ్వాడాయన. "ఇల్లు మాకు నచ్చింది. సామాను లారీ వెనకాలే వస్తోంది."

వెల్డరు అదిరిపడ్డాడు. "లారీనా? పట్టపగలా? వీధంతా చూస్తుంది సార్!"

"చూడనివ్వండి."

వీడు పిచ్చివాడైనా అయివుండాలి, మోసగాడైనా అయివుండాలి అనుకున్నాడు వెల్డరు.

"అసలు ఇంత కోరి ఇక్కడికి ఎందుకొస్తున్నారు సార్?"

"నేను పనిచేసేది ప్లాంటులోనే. అక్కడ..."

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

బయట పళ్లెం మోగింది.

ప్లాంటు మనిషి వీధిలో అడుగుపెడితే, ముందు చూసినవాళ్లు గరిటెతో పళ్లెం కొట్టాలి. విన్నవాళ్లు చేతికందినది పట్టుకుని బయటికి రావాలి. పెద్దమనిషి స్కూటరు మీద అంటించిన ప్లాంటు గేటు పాసు ఎదురింటి టీ కొట్టు అక్క కంటపడింది.

వెల్డరు పై ప్రాణాలు పైనే పోయాయి.

క్షణంలో గుమ్మం నిండా జనం. ముందు బాబాయ్. వయసులో పెద్ద, లారీలు తోలి తోలి గట్టిపడ్డ చేతులు. వీధి ఆయన చెప్పినట్టే వింటుంది.

"ఒరేయ్! నీ ఇంట్లో ప్లాంటువాడికేం పనిరా?"

"నిజం చెప్పెయ్యండి," గొణిగింది భార్య. "మనమే రమ్మన్నామని చెప్పండి."

నిజం చెబితే తలుపులతో పోదు, కాళ్లు విరగ్గొడతారు. వెల్డరు అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

"నాకేం తెలుసు బాబాయ్! తోసుకుని లోపలికొచ్చేశాడు. ఇల్లు రాసివ్వమని బెదిరిస్తున్నాడు!"

పెద్దమనిషి తెల్లబోయి వెల్డరు మొహంలోకి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"నేనెవర్నీ బెదిరించలేదు. ఒక్క మాట వినండి..."

"ఏంట్రా వినేది? ఒక్క కొంప చేజిక్కించుకుని వీధిని చీల్చుదామనా?" బాబాయ్ ఆయన్ని చొక్కా పట్టుకుని నడివీధిలోకి ఈడ్చాడు. "ఏ భయమూ లేదని మైకుల్లో ఊదరగొడతారే! మరి మీ పెద్ద తలకాయలన్నీ కొండవతల బంగళాల్లో దాక్కున్నాయేం? దమ్ముంటే పెళ్లాం పిల్లల్తో ఇక్కడికొచ్చి ఉండమను!"

"అదే చెప్పబోతున్నా. నేను..."

ఆ నోరు తెరుచుకుంటే బేరం సంగతి బయటపడుతుంది.

వెల్డరు గోడకు చేరేసిన ఇనుప కడ్డీ అందుకున్నాడు. మొదటి దెబ్బ అతనిదే. సూటిగా మూతి మీద కొట్టాడు.

ఇక ఎవరు ఆపుతారు? కర్రలు, ఇటుకలు, చెప్పుకాళ్లు. ఆయన తలమీద చేతులు అడ్డం పెట్టుకుంటే చేతులు విరగ్గొట్టారు. ముడుచుకుపోతే వీపు మీద తొక్కారు. స్కూటరెత్తి మీద పడేశారు. నెత్తురు కాలవలోకి పారింది.

"చాలు! చచ్చిపోతాడు! మీకు దణ్ణం పెడతా!" వెల్డరు భార్య గొంతు చించుకుంది. ఆ గోలలో ఆమెను పట్టించుకున్నవాడు లేడు.

"వీడికి ఊపిరాడటం లేదు రోయ్," అన్నారెవరో చివరికి.

చేతుల్లోవి జారిపోయాయి. ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. వెల్డరు భార్య ఇంట్లోంచి దుప్పటి తెచ్చి నిండా కప్పింది. మొగుడి మొహం చూడలేదు.

"శభాష్‌రా! వీధి మాట నిలబెట్టావ్," అని బాబాయ్ వెల్డరు భుజం తట్టాడు.

వెల్డరు గోడ పట్టుకుని కక్కుకున్నాడు.

అప్పుడు మలుపు తిరిగింది సామాను లారీ. దారికి అడ్డంగా స్కూటరు, జనం. ముందుకు పోలేక ఆగింది.

డ్రైవరు పక్కనున్న ఆవిడ, ఒళ్లో నిద్రపోతున్న పాపతోనే మెల్లగా దిగింది.

"వెల్డరుగారి ఇల్లు ఇదేనా అన్నయ్యా? మావారు ఇందాకే వచ్చుండాలే."



"మీవారు... ఎవరమ్మా?" అన్నాడు బాబాయ్.

"ప్లాంటుకి కొత్తగా వచ్చిన పెద్దాఫీసరండీ," అందావిడ, కాస్త గర్వంగా, కాస్త విసుగ్గా. "కొండవతల బంగళా ఇస్తే వద్దనేశారు, మీ అందరి పిల్లలూ పడుకునేచోటే మా పాప కూడా పడుకుంటే తప్ప ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆ ప్లాంటు నడపలేనన్నారు."