ఒకటో నంబరు మోటారు

ప్రమీలమ్మ పెనం మీద దోసె తిరగేస్తుంటే రొయ్యల గుంటలో చక్రాల చప్పుడు మందగించింది.

అట్లకాడ చేతిలోనే ఆగిపోయింది. రెండు రోజులుగా మబ్బు. ఆకు కదలడం లేదు. తెల్లవారుజామున కరెంటు కూడా పోయింది. జనరేటరు మీద తిరిగే ఆ చక్రాలు నీళ్లు చిలికితేనే రొయ్యలకు ఊపిరి. వచ్చే వారమే పట్టుబడి, అమ్మకం.

ఫోను మోగింది. గట్టు మీద నుంచి భర్త జయరామయ్య.

"ఏమే, ఊపిరాడక రొయ్యలు పైకొచ్చేసినాయి! పోయి ఆ డయలు తిప్పించు."

"నేనా? ఆ ఇంటికా?"

"పంతాలు తర్వాత. ముందు పో!"

పొయ్యి ఆర్పి పరిగెత్తింది.

అన్నదమ్ములు విడిపోయి ఏడాది. ఇళ్లు పంచుకున్నారు, గుంటలు పంచుకున్నారు, మాటలు మానేశారు. చక్రాల వేగం పెంచి తగ్గించే డయలు మాత్రం ఒక్కటే. అది మరిది పెంచలకృష్ణ వాటాలోకి వచ్చిన ఇంటి గోడకు ఉండిపోయింది. వాళ్ల గుంటలో ఒక మోటారు, వీళ్ల గుంటలో రెండు. మూడింటికీ ఆ గోడకే మూడు కరెంటు పెట్టెలు; మరిది వాళ్లది ఒకటో నంబరు. డయలు ఎంత తిప్పితే మూడూ అంతే తిరుగుతాయి.

తోడికోడలు వనజాక్షి డయలు పట్టుకునే నిలబడి ఉంది. చీర మోకాళ్ల దాకా తడిసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఎందుకు తగ్గించినావు?"

"జనరేటరు మొయ్యలేకుండా ఉందక్కా. ఇంకాస్త తిప్పితే మొత్తం ఆగిపోతాది."

"అయితే మీ మోటారు ఆపు. ఆ బలం మా రెండింటికీ వస్తాది."

"మాది ఆపకూడదక్కా."

"ఏం? ప్రాణం మీ రొయ్యలకేనా? మావేమన్నా రబ్బరు బొమ్మలా?"

"డయలుకు కరెంటు ఒకటో నంబరు పెట్టెలోంచే వస్తాదంట. మాది ఆపితే మీవి రెండూ ఆగిపోతాయి. సుకుమారు చెప్పినాడు."

సుకుమార్ ఈ మోటార్లు బిగించిన ఎలక్ట్రీషియన్. వనజాక్షికి పినతల్లి కొడుకు.

"బాగా నేర్పినాడే మీ అన్న! వాటాల నాడు కూడా మొగుడూపెళ్లాలు ఇట్టనే తియ్యగా చెప్పినారు."

అంటూనే ప్రమీలమ్మ ఒకటో పెట్టె మీటకు చెయ్యి చాచింది. వనజాక్షి అడ్డం వచ్చి ఆ మణికట్టు పట్టుకుంది. ఇన్నేళ్లలో పెద్ద తోడికోడలి మీద ఆమె చెయ్యి పడటం అదే మొదలు.

"వద్దక్కా. నీకు దణ్ణం పెడతా."

"చూసినావా, నీ రొయ్యల దగ్గరికొచ్చేసరికి ఎంత ధైర్యమో!"

వనజాక్షి ఆ చెయ్యి వదిలి, పెట్టెకు అడ్డంగా నిలబడే మళ్లీ డయలు పట్టుకుంది.

బయట జనరేటరు దగ్గినట్టు ఎగిరెగిరి పడింది. వనజాక్షి డయలును నువ్వుగింజంత వెనక్కి తిప్పింది. చప్పుడు కుదుటపడింది. చెవి ఒగ్గి విని, మళ్లీ నువ్వుగింజంత ముందుకు. ఇద్దరూ కూర్చోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మబ్బు వెనకే పొద్దెక్కింది.

ఉన్నట్టుండి నట్టింట్లో లైటు వెలిగింది.

వనజాక్షి డయలును చివరి దాకా తిప్పింది. చక్రాలు హోరెత్తాయి. ప్రమీలమ్మ ఫోను మోగింది. జయరామయ్య గొంతు పగిలిపోతోంది.

"బతికినాయే! కిందికి దిగిపోతుండాయి!"

ప్రమీలమ్మ గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆ గాలితోనే మాటా వచ్చింది.

"కరెంటొచ్చింది గాబట్టి సరిపోయింది. నా చెయ్యి పట్టుకోని మరీ కాపాడుకున్నావే, ఆ నీ రొయ్యలు ఏమాత్రం ఉండాయో నేనూ చూడాల గదా!"

వనజాక్షి వద్దనేలోగా పెరటి తలుపు తోసింది.

ఒకటో నంబరు చక్రం ఊరికే నీళ్లు చిలుకుతుంటే, తెల్లవారకముందే చచ్చిపోయిన తమ రొయ్యలను పెంచలకృష్ణ వలతో తోడి గట్టు పొడుగునా కుప్పలు పోస్తుండటం చూసిన ప్రమీలమ్మ, వనజాక్షి పట్టుకున్న మణికట్టును తడుముకుంటూ ఆ ఇంటి గడప దాటి వెళ్లిపోయింది.